కొసరుగా వచ్చిన ఏథెన్సు

ఏలూరు బజార్లో వంకాయల మీద కొసరు వేయించుకున్నవాళ్ళున్నారు, చేపల మీద వేయించుకున్నవాళ్ళున్నారు. ఊరికి ఊరునే కొసరుగా వేయించుకున్న మనిషిని మాత్రం నేనొక్కదాన్నే. అది అల్లాటప్పా ఊరు కూడా కాదు, ఏథెన్సు. ఇంత చక్కగా మోసపోయిన బేరం పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంకొకటి ఉండదని ఇప్పటికీ ఎవరితోనైనా పందెం కాస్తాను.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మా నాన్న ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్లో కాటా దగ్గర గుమస్తా. మా ఇల్లు కొట్ల వెనక సందులో. ఇటు కిరాణా, అటు బెల్లం, ఎదురుగా గోనెసంచుల వ్యాపారం. నాకు మాటలు వచ్చింది ఆ అరుగుల మీదే కాబట్టి, "అమ్మ" తరవాత నా నోట పలికిన మాట "ఇంకెంతకిస్తారు" అని మా పిన్ని అంటూ ఉంటుంది. పెళ్ళయి ఏలూరు వచ్చాక జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీరల ఫాల్సు అమ్మే మేచింగ్ సెంటర్ పెట్టాను. పొద్దంతా కౌంటరుకి ఇవతల కూర్చుని ధర తగ్గనివ్వకపోవడం, సాయంత్రం కూరల బజారులో అవతల నిలబడి ధర తగ్గించడం. రెండు వైపులా ఆడగలనని నాకో పొగరు.

మా అత్తయ్యగారు ఇందుకు పూర్తిగా వేరు. పుట్టింది కొల్లేటి లంకలో. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. కొట్టువాడు ఎంత చెబితే అంతా ఇచ్చి, పైగా "మీ పిల్లలు బాగా చదువుతున్నారా అండీ" అని అడిగి మరీ వచ్చే రకం. ఆవిడతో బజారుకి వెళ్ళడమంటే నాకు తలనొప్పి మాత్ర ఖర్చు.

ఏథెన్సులో ఒలింపిక్స్ జరిగిన మరుసటి వేసవిలో మా చర్చివాళ్ళు పరిశుద్ధ స్థలాల యాత్ర తలపెట్టారు. కైరో, సీనాయి కొండ, యెరూషలేము. అత్తయ్యగారికి పింఛను బకాయిలు అప్పుడే చేతికొచ్చాయి. "నేనూ వస్తాను" అని పేరు రాయించేశారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒంటరిగా పంపలేం. మా వారు "ఇద్దరూ వెళ్ళండి, షట్టరు నేను ఎత్తుతాను" అన్నారు. అంతా కలిసి పద్దెనిమిది మందిమి తేలాం. ట్రావెల్ ఏజెంటుతో మాట్లాడే పని పాస్టరుగారు నాకప్పగించారు.

"మాకందరికీ మొహమాటమమ్మా. మీకు ఆ ఇబ్బంది లేదు కదా" అన్నారు.

ఆయన మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఏజెంటు విజయవాడలో ఏసీ గదిలో కూర్చుంటాడు. తలకి అరవై రెండు వేలన్నాడు. నేను యాభై అయిదన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. టీ తెప్పించాడు, తాగలేదు. అవతలివాళ్ళ టీ తాగితే నోరు మెత్తబడుతుందని మా సందులో ఒక శాస్త్రం. టీ మీద మీగడ కట్టేసరికి యాభై ఎనిమిదికి దిగాడు.

"ఇంతకన్నా పైసా తగ్గదండి. ఈ రేటుకయితే విమానం కూడా మార్చాలి. తిరుగు ప్రయాణం ఏథెన్సు మీదుగా ఉంటుందండి. ఒక రాత్రి అక్కడ ఆగాలి. హోటలు మాదే."

ఏథెన్సు అనేసరికి నా లోపల గంట మోగింది. అది మొహంలో కనబడనివ్వలేదు.

"అంత దూరం తీసుకెళ్ళి హోటల్లో పడుకోబెడతారా అండీ? పద్దెనిమిది టిక్కెట్లు ఒక్క చేత్తో ఇస్తున్నాం. కొసరు లేకుండా ఏ బేరమూ తెగదు మా వైపు."

ఆయన కాలిక్యులేటరు వంక కాసేపు చూశాడు. "సరేనండి. ఏథెన్సు ప్రోగ్రాము కొసరు కింద వేసుకోండి. భోజనంతో సహా."

అప్పుడు తాగాను టీ. చల్లారిపోయినా చాలా రుచిగా ఉంది.

ఉల్లి బస్తా కొనేటప్పుడు పైన కనబడే పాయలు చూసి కొనకూడదు, అడుగుదాకా చెయ్యి పెట్టి చూడాలి. ఇది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ ప్రోగ్రాములో ఏముందో నేను అడగలేదు. కొసరు కదా అని బస్తా విప్పకుండానే భుజాన వేసుకుని ఏలూరు బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు ఇడ్లీలకి పప్పు రుబ్బుతున్నారు. "మీ రాయి చూపిస్తున్నానండి. ఏథెన్సు వెళ్తున్నాం" అన్నాను. ఆవిడ గ్రైండరు ఆపేశారు.

ఆ రాయి గురించి చెప్పాలి. క్రీస్తు మాట చెబుతూ దేశాలు తిరిగిన అపొస్తలుడు ఒకాయన ఏథెన్సుకి వచ్చినప్పుడు ఒక రాతి గుట్ట మీద నిలబడి అక్కడివాళ్ళకి ప్రసంగం చేశాడని మా వేదపాఠాల్లో ఒక అధ్యాయం. అత్తయ్యగారు సండేస్కూల్లో ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పేవారు. ముందు బోర్డు మీద సుద్దముక్కతో కొండ గీసేవారు. లంకలో పుట్టిన మనిషికి కొండలెక్కడివి? భీమడోలు నుంచి బస్సులో వెళ్ళినప్పుడు చూసిన ద్వారకా తిరుమల కొండే గీసేవారు, మెట్లతో సహా. ఒకసారి ఒక పిల్ల లేచి, "టీచర్, ఆ కొండ మీరు చూశారా అండీ" అని అడిగిందట. "లేదమ్మా, చూడలేదు" అన్నారట ఆవిడ. అన్నాక ఆ రోజు పాఠం సాగలేదట. ఆ సంగతి మా పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పారు, ఆ తరవాత మరో నాలుగైదు సార్లు చెప్పారు.

"నిజంగా ఎక్కవచ్చా అమ్మాయ్, దాని మీదకి?" అన్నారు పిండి చేత్తోనే.

"అన్నీ కలిపే బేరం చేశానండి."

"నాకింకేం అక్కర్లేదు. దాని మీద నిలబడి ఆ అధ్యాయం ఒక్కసారి పైకి చెప్పుకుంటాను."

వారం తిరక్కుండా ఏజెంటు నుంచి ఫోను. ఏథెన్సులో దిగాలంటే వీసా వేరేనట, తలకి రెండు వేల ఎనిమిది వందలట. "కొసరుకి వీసా ఏంటండీ" అన్నాను. "కొసరు మాది, వీసా వాళ్ళది కదండీ" అన్నాడు. నాకే ఎదురు చెప్పగలిగిన మనిషిని మొదటిసారి చూశాను. చర్చిలో మిగతావాళ్ళందరికీ ఆ మాట చెప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

యాత్ర బాగానే సాగింది. పిరమిడ్ల దగ్గర అందరూ నోరు తెరిస్తే అత్తయ్యగారు "ఎంత రాయి మోశారో పాపం" అని ముందుకు నడిచారు. సీనాయి కొండ కింద నుంచే చూశారు, మోకాళ్ళు దాచుకోవాలట. యెరూషలేములో మాత్రం రెండు రోజులూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. రాత్రి పడుకోబోయేముందు రోజూ ఒకటే అడిగేవారు. "ఏథెన్సు ఎల్లుండేనా?" "ఏథెన్సు రేపేనా?"

ఏథెన్సులో దిగి, బస్సెక్కి ఊళ్ళోకి వస్తుంటే దూరంగా కనబడింది. ఊరి మధ్యలో ఎత్తుగా ఒక గుట్ట, దాని మీద స్తంభాల గుడి, కింద కొల్లేటిలో కొంగలు వాలినట్టు తెల్లటి ఇళ్ళు. బస్సులో పద్దెనిమిది మందీ ఒక వైపుకి ఒరిగారు. అత్తయ్యగారు అద్దానికి ముక్కు ఆనించారు.

అప్పుడే, హైదరాబాదు నుంచి మాతో వచ్చిన టూర్ మేనేజరు మైకు తీసుకున్నాడు. "హోటల్లో ఫ్రెష్ అయి అందరూ ఏడున్నరకి కిందకి రావాలండి. ఈ రోజు ప్రోగ్రాం, ఏథెన్స్ బై నైట్. గ్రీకు డిన్నర్, డాన్స్ షో. ప్లేట్లు కూడా పగలగొడతారు. పొద్దున్నే ఎయిర్‌పోర్టు."

పాస్టరుగారు మెల్లిగా, "డాన్సా అండీ?" అన్నారు. మళ్ళీ "భోజనం ఎటూ ఉందన్నారు కదా" అని ఆయనే సర్దుకున్నారు.

నేను లేచి ముందుకి వెళ్ళాను. "మరి రాయి?"

"ఏం రాయండీ?"

చెప్పాను. ఆయన కాగితం చూశాడు. అందులో రాయి లేదు, గుడి లేదు, గుట్ట లేదు. "మీ బుకింగులో సైట్ సీయింగ్ లేదండి. కాంప్లిమెంటరీ నైట్ ప్యాకేజీ మాత్రమే ఉంది. ఈ టైముకి అన్నీ మూసేస్తారు కూడా."

వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్యగారు ఇంకా అద్దంలోంచే చూస్తున్నారు. విన్నారు. విన్నట్టు నాకు తెలియకూడదని అలా చూస్తున్నారు. ఆవిడ నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. పక్కన కూర్చున్నాక, "పోనీలే అమ్మాయ్, దూరం నుంచయినా కనబడింది" అన్నారు. ఏళ్ళ తరబడి నేను బజార్లో ఇలాంటి మాటే వింటున్నాను. పిల్లకి నచ్చిన గుడ్డ కొనలేని తల్లి "పోనీలే, ఆ రంగు వెలిసిపోతుంది" అంటుంది చూడండి, అదే గొంతు.

హోటల్లో సామాను పడేసి నేను నేరుగా కింద కౌంటరుకి వెళ్ళాను. అక్కడొక నడివయసు ఆవిడ, కళ్ళద్దాలు తలమీదకి తోసుకుని ఉంది. నా ఇంగ్లీషు కొట్టు ఇంగ్లీషు, రంగులూ మీటర్లూ దాటి పోదు. అయినా అడిగాను. గుడి మూసేశారు అంది. రాయి? ఆవిడ నవ్వింది. రాయికి గేటు లేదు, టిక్కెట్టు లేదు, తాళం లేదు, ఎప్పుడైనా ఎక్కవచ్చు అంది. సూర్యుడు ములిగేది తొమ్మిదికి కాస్త ముందేనట, ఇంకా టైముంది అంది.

నాకు నమ్మకం కుదరలేదు. టిక్కెట్టు లేకుండా ఎవరు చూడనిస్తారు? ఇంకోసారి అడిగాను. ఇంకోసారి నవ్వింది.

పైకి పరిగెత్తి, "చీర మార్చుకోకండి, అలాగే రండి" అన్నాను. అత్తయ్యగారు హేండ్‌బేగు చంకన పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు, లిఫ్టు కోసం కూడా ఆగకుండా. దారిలో టూర్ మేనేజరు కనబడ్డాడు. మేం భోజనానికి రావట్లేదని చెప్పి, మా రెండు ప్లేట్ల డబ్బు వెనక్కి ఇస్తారా అని అడిగాను.

"కొసరుకి రీఫండు ఎక్కడిదండీ" అన్నాడు. విజయవాడలో శిక్షణ ఇచ్చి పంపినట్టున్నారు.

హోటలు ముందు టాక్సీ. ఇరవై యూరోలన్నాడు. నేను పదన్నాను. చేతులూపాడు, నేనూ ఊపాను. పదిహేనుకి తెగింది. అయిదు యూరోలు, అంటే రెండు వందల డెబ్బై అయిదు రూపాయలు మిగిల్చానని అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ వాచీ చూసుకున్నారు.

టాక్సీ గుట్ట కింద బజారు దగ్గర దింపేసింది, అవతలికి బళ్ళు వెళ్ళవట. ఆ బజారు చూసి నాకు మతి పోయింది. ఎనిమిది కావస్తోంది, ఇంకా ఎండ. సందుల నిండా కుర్చీలు, బల్లలు, ఊరంతా ఒకే పెళ్ళికి వచ్చి భోజనాలకి కూర్చున్నట్టు. ఒక మూల వాయిద్యం, ఇంకో మూల పాట. స్కూటర్ల మీద జంటలు. తోలు చెప్పులు, పూసలు, రాగి సామాను, బొమ్మలు వేలాడేసిన కొట్లు, ఒక్కటీ షట్టరు దించే ఆలోచనలో లేదు. విరిగిన పాత స్తంభం ఒకటి ఒక కాఫీ హోటలు పక్కనే నిలబడి ఉంది, దానికి ఆనుకుని ఒకాయన సిగరెట్టు కాలుస్తున్నాడు. మా వైపు రాయి కాస్త పాతదయితే పసుపు రాస్తారు. వీళ్ళకి అడుగడుగునా అవే, ఎన్నింటికని రాస్తారు?

ఆ సందులో నున్నటి రాళ్ళ మీద అత్తయ్యగారి చెప్పు పట్టీ తెగింది.

ఎదురుగానే చెప్పుల కొట్టు. మీసాల పెద్దాయన, కౌంటరు మీద పూసల దండ తిప్పుకుంటూ కూర్చున్నాడు. అత్తయ్యగారిని స్టూలు మీద కూర్చోబెట్టి ఒక జత తీశాను. పద్దెనిమిదన్నాడు. తొమ్మిదన్నాను. తల అడ్డంగా ఊపాడు. పదన్నాను. మళ్ళీ ఊపాడు. సరే, నా అసలు అస్త్రం తీశాను. చెప్పులు కింద పెట్టి, నిట్టూర్చి, మెల్లిగా నడుచుకుంటూ బయటికొచ్చేశాను.

ఇది ఎలా పనిచేస్తుందో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొట్టు దాటి కాస్త దూరం వెళ్ళేలోపు "ఏవండీ, రండి, మీ మాటే కానివ్వండి" అని పిలుపు వస్తుంది. నేను పక్క కొట్టు ముందు ఆగి రాగి గిన్నె చూశాను. పిలుపు రాలేదు. ఆ పక్క కొట్టు ముందు బొమ్మ చూశాను. రాలేదు. మూడో కొట్టుదాకా వెళ్ళి పూసలు చూసి, వెనక్కి ఓరగా చూస్తే ఆయన నన్ను మరిచిపోయి అత్తయ్యగారితో కబుర్లాడుతున్నాడు. ఆయన గ్రీకులో, ఆవిడ తెలుగులో. ఆవిడ మోకాలు చూపిస్తున్నారు. ఆయన తన మోకాలు చూపిస్తున్నాడు.

తిరిగి వెళ్ళాను. పిలవకుండా కొట్టుకి తిరిగి వెళ్ళడం నా జీవితంలో అదే మొదలు.

"వచ్చావా" అన్నారు అత్తయ్యగారు. "వెనకటికి ఒక్కసారి సూర్యుడు ఆగాడని బైబిల్లో ఉంది. అది యుద్ధం కోసం. చెప్పుల బేరం కోసం ఆగడు."

"రెండు యూరోలయినా తగ్గించకపోతాడా అనుకున్నానండి."

"ఏం తగ్గిస్తాడు? అమ్మితే కదా."

చూస్తే ఆయన ఆవిడ తెగిన చెప్పు ఒళ్ళో పెట్టుకుని చిన్న చిన్న మేకులు కొడుతున్నాడు. పట్టీ లాగి చూసి, ఆవిడ పాదం ముందు పెట్టాడు. ఎంత అని అడిగితే అరచెయ్యి అడ్డంగా ఊపాడు. గుట్ట వైపు వేలు చూపించి, తొందరగా వెళ్ళమన్నట్టు సైగ చేశాడు. ఎక్కడికి వెళ్తున్నామో ఆవిడ ఎలా చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

ఊరికే వచ్చినది నాకు అరగదు. ఇందాకటి జత తీసి, మా అమ్మాయికి పనికొస్తాయని చెప్పి, పద్దెనిమిదీ లెక్కపెట్టి ఇచ్చాను. చెప్పిన ధరకి కొన్నాను. అత్తయ్యగారు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు, జ్వరం వచ్చిందేమోనని.

"ఎక్కడా చెప్పకండి. ఏలూర్లో తెలిస్తే రేపటి నుంచి నాకు బజార్లో విలువుండదు."

రాయి అంత ఎత్తేం కాదు. గుడి ఉన్న గుట్టకి కిందగా, దాని ఒళ్ళో కూర్చున్న పిల్లలా ఉంది. కానీ వేల ఏళ్ళుగా ఎన్ని కాళ్ళు తొక్కాయో, మెట్లు సబ్బు రాసినట్టు నునుపెక్కి ఉన్నాయి. నేను స్పోర్ట్స్ షూలు వేసుకుని ఉన్నాను. యాత్ర కోసం ప్రత్యేకంగా కొన్నవి, బేరం చేసి సగానికి తెచ్చినవి. రెండో మెట్టు మీదే కాలు జారి కూర్చుండిపోయాను. సగం ధరకి సగం షూలే వస్తాయి.

"మీ వల్ల కాదండీ ఇది. నేనే ఎక్కలేకపోతున్నాను" అన్నాను.

అత్తయ్యగారు వినిపించుకోలేదు. ఇప్పుడే మేకులు కొట్టించుకున్న చెప్పులు విప్పి నా చేతికిచ్చారు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపారు. కొంగు నడుముకి చుట్టారు. మెట్టుకి అడ్డంగా పాదం పెట్టి, వేళ్ళు రాతికి కరిపించి, మెల్లిగా లేచారు.

"మడమ మీద బరువెయ్యకూడదమ్మాయ్. వేళ్ళ మీద నడవాలి. వానాకాలంలో మా లంక గట్ల మీద బడికి ఎలా వెళ్ళామనుకున్నావు? నువ్వూ షూలు విప్పు."

విప్పాను. రాయి ఇంకా ఎండ వేడిగా ఉంది. మోకాలు వంచాల్సిన చోట ఆవిడ నా భుజం మీద బరువేసి, "అబ్బా" అని, మళ్ళీ వేళ్ళు ఊని లేచేవారు. నేను ఆవిణ్ణి పట్టుకున్నానో ఆవిడ నన్ను పట్టుకున్నారో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. మూడొంతులు ఎక్కాక ఒకచోట కూర్చుండిపోయారు. మోకాలు పట్టేసింది. పడమట సూర్యుడు ఊరి అంచుకి దిగాడు. చాలించి దిగిపోదామా అని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే కూర్చునే వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఊని, పై మెట్టు మీదకి జరిగి కూర్చున్నారు. అక్కణ్ణుంచి ఇంకో మెట్టు. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరేవాళ్ళు నీడలోకి జరిగినట్టు, మిగిలిన మెట్లన్నీ అలాగే జరిగారు.

పైకి చేరాక చూస్తే, ఆ రాయి నిండా కుర్రకారు. బీరు డబ్బాలు, గిటారు, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు తలలు. ఒక జంట ముద్దు పెట్టుకుంటూ ఈ లోకంలో లేరు. మా అత్తయ్యగారు స్కూల్లో మగపిల్లలు, ఆడపిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటేనే లేపే మనిషి.

ఆవిడ చీర దులుపుకుని లేచి నిలబడి అంతా ఒకసారి చూశారు. పైన స్తంభాల గుడికి అప్పుడే దీపాలు వెలిగించారు. కింద చెట్ల మధ్య ఇంకో పాత గుడి, విరిగిన గోడలు, ఆ వెనక ఊరంతా. బజారులోంచి పాట పైకి వస్తోంది.

"వీళ్ళు మారలేదమ్మాయ్" అన్నారు. "ఆ రోజుల్లోనూ ఇంతేనట. పని మానుకుని ఇక్కడ చేరి కొత్త కబుర్లు వినేవాళ్ళట."

తరవాత నవ్వడం మొదలుపెట్టారు. ఆగడం లేదు. ఏంటండీ అంటే చేత్తో రాయిని చూపించారు.

"ఇంతేనా కొండ? నేను బోర్డు మీద ఎంత గీసేదాన్ని. మెట్లు, గోపురం అంత ఎత్తు. ఎంతమంది పిల్లలకి తప్పు కొండ నేర్పానో చూడు. ఇది కొండేవిటి, మన రైసుమిల్లు ఊకకుప్ప అంత లేదు."

ఆ నవ్వుతోనే, పడమటికి తిరిగి నిలబడి, చేతులు కట్టుకుని అధ్యాయం మొదలుపెట్టారు. పుస్తకం బేగులోనే ఉంది, తియ్యలేదు. సండేస్కూలు గొంతు, వెనక బెంచీదాకా వినబడే గొంతు. గిటారు కాసేపు మోగి ఆగిపోయింది. ముద్దు జంట విడివడింది. బీరు డబ్బా నోటిదాకా తీసుకెళ్ళినవాడు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు కదా, అయినా విన్నారు. అత్తయ్యగారు ఎక్కడా తడబడలేదు, ఏ మాటా మరిచిపోలేదు. ఆఖరి వాక్యం చెప్పి, తరగతి అయిపోయినట్టు తలూపారు.

చప్పట్లు కొట్టారు. అత్తయ్యగారు కంగారు పడి నా వెనక్కి వచ్చారు.

పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె అడిగింది, ఈ పాట ఏ భాషదని. పాట కాదని, తెలుగని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఒకాయన ఎక్కడినుంచో వచ్చి ఇక్కడే నిలబడి మాట్లాడాడని, విన్నవాళ్ళలో కొందరు నవ్వారని, కొందరు "ఇంకోసారి వింటాంలే" అని వెళ్ళిపోయారని చెప్పాను. ఆ అమ్మాయి, మేమూ అలాగే అని ఉండేవాళ్ళమేమో అంది, నవ్వుతూ.

ఆ మాట నా నోటితో నేనే చెప్పాక నాకు వెలిగింది. "మళ్ళీ వస్తాంలెండి" అని వెళ్ళిపోయే బేరం నా కొట్లో రోజూ ఉంటుంది. థానులన్నీ విప్పించి, రంగులన్నీ చూసి, మళ్ళీ వస్తామంటారు. రారు. ఆయన అంత దూరం నడిచి వచ్చి, ఇంత గడుసు బజార్లో మాట విప్పి, ఆ రోజు ఎవరో నలుగురు మాత్రం ఆయన వెంట వచ్చారంటే, అది మంచి వ్యాపారమే. చిన్నప్పటి నుంచి వింటున్న పాఠం నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాటే అత్తయ్యగారికి చెప్పాను.

"నువ్వు ముందే చెప్పి ఉంటే సండేస్కూల్లో నీకే అప్పగించేదాన్ని కదా" అన్నారు. ఎగతాళి అనే అనుకుంటున్నాను.

దిగేటప్పుడు ఆ పిల్లలు చేతులిచ్చారు. అత్తయ్యగారు అందరికీ "థాంక్స్ నాన్నా" అని తెలుగులో చెప్పుకుంటూ దిగారు.

కింద సందులో ఒక హోటలు ముందు మంచు మీద చేపలు పరిచారు. ఎంచుకుంటే తూచి వండిపెడతారట. కొల్లేటి మనిషి ముందు చేపలు పరిచి నిలబడ్డాడు ఆ వెయిటరు, పాపం. అత్తయ్యగారు మొదటిదాని మొప్ప ఎత్తి చూసి, "ఇది నిన్నటిది" అన్నారు. రెండోది కన్ను చూసి, "ఇది మొన్నటిది" అన్నారు. వెయిటరు లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. మొప్ప ఎర్రగా ఉంది. "ఆఁ, ఇది" అన్నారు. ఆయన వంగి దణ్ణం లాంటిది పెట్టాడు. ఉప్పు, నిమ్మకాయ, నూనె తప్ప ఏమీ వెయ్యలేదు. కారం లేని చేప ఇంత బాగుంటుందని నేనెవరికీ ఒప్పుకోను, ఇక్కడ తప్ప. పక్క బల్ల దగ్గర ఒకాయన వాయిస్తుంటే నలుగురు లేచి భుజాలు పట్టుకుని ఆడారు. అత్తయ్యగారు బల్ల మీద వేలితో తాళం వేస్తున్నారు. నేను చూసేసరికి ఆపి నీళ్ళు తాగారు.

తిరుగు టాక్సీలో బేరమాడే ఓపిక లేక ఊరికే కూర్చున్నాను. వాడు మీటరు వేశాడు. హోటలు ముందు ఆగాక అందులో అయిదు యూరోలు చూపించింది. వెళ్ళేటప్పుడు నేను పోట్లాడి తగ్గించి ఇచ్చింది పదిహేను. ఆ పూట నిద్ర పట్టడానికి కాస్త టైము పట్టింది.

పొద్దున్న బస్సులో అందరూ ఒకేసారి చెప్పారు. భోజనం చల్లగా ఉందట, మాంసం ఉడకలేదట. డాన్సు పిల్లలు వచ్చి పాస్టరుగారిని చెయ్యి పట్టుకుని స్టేజి మీదకి లాక్కెళ్ళి గుండ్రంగా తిప్పారట. ప్లేటు కూడా ఇచ్చారట, పగలగొట్టమని. "కొట్టారా అండీ?" అని అడిగారు అత్తయ్యగారు. "మొహమాటానికి ఒకటి కొట్టానమ్మా" అన్నారు ఆయన, కిటికీ వైపు తిరిగి.

విమానంలో కూర్చుని లెక్క వేశాను. ఏజెంటు దగ్గర మా ఇద్దరికీ నేను తగ్గించింది ఎనిమిది వేలు. వీసాలకి అయింది అయిదు వేల ఆరు వందలు. వెళ్ళేటప్పుడు టాక్సీ పదిహేను యూరోలు, వచ్చేటప్పుడు అయిదు. చెప్పులు పద్దెనిమిది, అవి మా అమ్మాయికి సరిపోలేదని తరవాత తెలిసింది. చేప, రొట్టె, అడగకుండా తెచ్చి బిల్లులో వేసిన నీళ్ళ సీసా కలిపి ముప్పై నాలుగు. మొత్తం డెబ్బై రెండు యూరోలు, రూపాయల్లో మూడు వేల తొమ్మిది వందల అరవై. చెప్పు బాగుచేసినందుకు, రాయి ఎక్కినందుకు ఏమీ లేదు. అంతా కలిపి తొమ్మిది వేల అయిదు వందల అరవై. ఎనిమిది వేలు తీసేస్తే, ఏథెన్సు మాకు పడింది పదిహేను వందల అరవై రూపాయలు, తలకి ఏడు వందల ఎనభై. అత్తయ్యగారు తన వాటా ఇస్తానన్నారు. తీసుకున్నాను.